ఏడో మీట పలకదు

మా షాపు ఫోను ఎప్పుడూ తడిగా ఉంటుంది. వానవల్ల కాదు. మా నాన్న బొటనవేలి వల్ల.

నాన్న పళ్ళు కడతాడు. ఊడిపోయినవాళ్ళకి కొత్త సెట్టు తయారుచేసి పెడతాడు. ఆర్డర్ల పుస్తకంలో పేజీ తిప్పాలంటే బొటనవేలు నాలిక మీద రాసుకోవడం ఆయనకి ముందునుంచీ అలవాటు. తర్వాత మీటల ఫోను వచ్చింది. దానికీ పేజీలుంటాయని ఆయన నమ్మకం. ఒక్కో నొక్కుకీ ఒక్కో నాకుడు. "రేపు రండి" అని కొట్టేసరికి ఆ ఫోను తలంటుకుని తుడుచుకోకుండా వచ్చినట్టుండేది.

మొదటి ఏడాది మీటల మీద అంకెలు చెరిగిపోయాయి. రెండో ఏడాది సందుల్లో ఏదో పెరగడం మొదలైంది. "నాన్నా, అది పచ్చగా ఉంది" అంటే, "ఫోను లైటు పచ్చది కదే" అన్నాడు. లైటు ఆరాక చూపించాను. అప్పుడూ పచ్చగానే ఉంది.

మూడో ఏడాది ఏడో మీట చచ్చిపోయింది. నొక్కితే లోపలికి దిగి, అక్కడ కాసేపు కూర్చుని, చప్ మని చప్పరించినట్టు శబ్దం చేస్తూ తీరిగ్గా పైకొచ్చేది. శబ్దమే తప్ప అక్షరం రాదు. బాగుచేసేవాడి దగ్గరికి తీసుకెళ్ళాను. మూత విప్పాడు. చూశాడు. మళ్ళీ బిగించాడు. లోపలికెళ్ళి సబ్బుతో మోచేతులదాకా కడుక్కునొచ్చాడు.

"చెల్లెమ్మా, దీనికి రిపేరు లేదు. దీనికి జరగాల్సింది వేరే ఉంది."

"ఏంటన్నా అది?"

"పాతిపెట్టండి. ఇంటికి దూరంగా."

నాన్నకి చెబితే, "మిగతా మీటలు బానే ఉన్నాయిగా? ఒక పన్ను ఊడిందని నోరు పారేసుకుంటామా?" అన్నాడు. పళ్ళు కట్టేవాడితో వాదించి గెలిచినవాడు లేడు. ఎందుకంటే వాదించేవాడి నోట్లో అప్పటికే ఆయన చెయ్యి ఉంటుంది.

అలా ఫోన్లో రాసే పని నామీద పడింది. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. చదువు అయిపోయింది. అంటే, అదే నన్ను వదిలేసి వెళ్ళిపోయింది. షాపులో నా అసలు పని రిపేరుకొచ్చిన సెట్లు కడగడం. అంతకన్నా రోత పని లోకంలో ఇంకొకటుంటే చూపించండి, నా సెట్లు మీకిచ్చి ఆ పనికి నేనొస్తాను. ఒంట్లో షుగరుందని ఇంటిల్లిపాదికీ తీపి మాన్పించిన పెద్దమనిషి సెట్టులో మిఠాయి ముక్క దొరికింది. అది ఆ రోజుదీ కాదు, ఆ వారందీ కాదు. ఇవన్నీ చూశాక నాకు మనుషులు నవ్వితే గౌరవం కలగడం మానేసింది.

ఆ ఫోన్లో తెలుగక్షరాలు లేవు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టాలి. ఏడో మీట మీద నాలుగక్షరాలుంటాయి. ఒక నొక్కుకి పి, రెండుకి క్యూ, మూడుకి ఆర్, నాలుగుకి ఎస్. క్యూ పోతే తెలుగువాడికొచ్చిన నష్టం లేదు. కానీ పి, ఆర్, ఎస్ పోతే? ప, ర, స లేని తెలుగులో మర్యాదగా ఏం మాట్లాడతాం? తిట్లు కూడా సగమే మిగులుతాయి.

అందుకని నేనొక చట్టం చేశాను. పి బదులు బి. ఆర్ బదులు ఎల్. ఎస్ బదులు సి, హెచ్. ఆ మాటలు రాకుండా తప్పించి రాసే దారి కూడా ఉందనుకోండి. కానీ అందులో సరదా లేదు.

మొదటి మెసేజి రిటైరైన పోస్టుమాను తాతకి. "మీ పన్ను రెడీ" అనబోయి "మీ బన్ను లెడీ" అని పంపాను. తాత టీ గ్లాసు పట్టుకుని మరీ వచ్చాడు. రెండోది ఒక టీచరమ్మకి. "మీ కింది సెట్టు రెడీ" అన్నది "మీ కింది చెట్టు లెడీ" అయింది. ఆవిడ ఫోన్ చేసింది.

"అమ్మాయ్, ఏ చెట్టు కిందమ్మా?"

"కింది చెట్టు, టీచర్."

"అదే, ఏ చెట్టు కింద?"

"కిందే, టీచర్."

ఆవిడ ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి. ఆ రోజు మాత్రం ఫోన్ పెట్టేసి కాసేపు పడుకుందట.

రెండు నెలల్లో మా దగ్గర పళ్ళు కట్టించుకునేవాళ్ళందరికీ ఆ భాష పట్టుబడింది. ఆలస్యమవుతుందని రాస్తే "బల్లేదు" అని జవాబు పెట్టేవాళ్ళు కూడా తయారయ్యారు. నాన్నకి మాత్రం ఈ సంగతి తెలీదు. ఆయన వచ్చిన మెసేజిలు చదువుతాడు కానీ పంపినవి చదవడు. వచ్చినవాటిలో తప్పులుంటే జనానికి చదువు రాదనుకునేవాడు. పోనుపోను నా కంటికి కూడా "చలే" అని ఉంటే "సరే" అనే కనిపించేది. కొంప మునిగింది అక్కడే.

మాకొక పెదనాన్న ఉన్నాడు. నాన్నకి సొంత అన్న. పళ్ళు కట్టడం నాన్నకి నేర్పిందే ఆయన. ఒకప్పుడు ఇద్దరిదీ ఒకటే షాపు. పెదనాన్న ముందు గదిలో నోళ్ళు చూసేవాడు, నాన్న వెనక గదిలో కూర్చుని పళ్ళు ఆకురాయితో అరగదీసేవాడు. పదకొండేళ్ళ క్రితం ఒక సెట్టు చేతిలోకి తీసుకుని, ఎదురుగా కూర్చున్న ముసలాయన వినేలా పెదనాన్న అన్నాడట, "మా వాడు కట్టిన పళ్ళు చూస్తే గుర్రం కూడా నోరు మూసుకుంటుంది" అని. ముసలాయన ఉన్న మూడు పళ్ళతో నవ్వాడు. నాన్న ఆకురాయి కింద పెట్టి, చెప్పులేసుకుని బయటికొచ్చేశాడు. మూడు వీధులవతల ఈ షాపు పెట్టాడు. ఇక జన్మలో మాట్లాడుకోం అని అన్నదమ్ములిద్దరూ ఒట్టేసుకున్నారు. ఒట్టు మగాళ్ళిద్దరిదే. అమ్మా పెద్దమ్మా మాత్రం వారానికోసారి కలుసుకుని, మనసారా ఇద్దర్నీ తిట్టుకుని, హాయిగా ఇళ్ళకెళ్ళేవాళ్ళు.

ఒక సోమవారం పొద్దున పెదనాన్న దగ్గర్నుంచి మెసేజి వచ్చింది. మాట్లాడనని కదా ఒట్టు, రాయనని కాదుగా. అన్నీ పెద్దక్షరాలే. ఆయన గట్టిగా ఎలా మాట్లాడతాడో అలాగే.

"తమ్ముడూ. నా పళ్ళన్నీ పోయాయి. ఇంకొకడి చెయ్యి నా నోట్లో పెట్టనివ్వను. నువ్వే కట్టాలి. గురువారం పొద్దున రానా."

నాన్న చదివాడు. బొటనవేలు నాకి కిందికి జరిపాడు. మళ్ళీ నాకి పైకి జరిపాడు. అలా ఆరుసార్లు. ఫోను తడిసి ముద్దయింది. అందులో కళ్ళనీళ్ళు కూడా ఉండి ఉండొచ్చు. ఏది ఏ నీరో దగ్గరికెళ్ళి చూసేంత ప్రేమ నాకు ఎవరిమీదా లేదు.

"కోతీ, రాయవే" అన్నాడు. నన్ను పిలిచే పేరు అది. "‘పదకొండేళ్ళకి గుర్తొచ్చానా’ అని రాయి. వద్దు, కొట్టెయ్. ‘నీ ఇష్టం’ అని రాయి. ఛ, పొగరనుకుంటాడు. ‘అన్నయ్యా’ అని మొదలుపెట్టు. వద్దు వద్దు, నావల్ల కాదు."

"నాన్నా, మొత్తం నూట అరవై అక్షరాలే పడతాయి. తేల్చు."

"అయితే ‘సరే’ అని పెట్టు."

"అంతేనా?"

"అంతే. ఎక్కువ మాట్లాడితే లోకువైపోతాం."

నేను చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని కొట్టాను. సి కి మూడు నొక్కులు, హెచ్ కి రెండు, ఏ కి ఒకటి, ఎల్ కి మూడు, ఈ కి రెండు. మొత్తం పదకొండు. ఏడాదికొకటి చొప్పున సరిగ్గా సరిపోయాయి. "చలే" అని వెళ్ళింది.

గురువారం నాన్న తెల్లారకముందే లేచాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, షాపు కుర్చీని మూడుసార్లు తుడిచాడు. బల్ల మీద వరసగా నోళ్ళు తెరుచుకున్న సున్నపు అచ్చులన్నిటి మీదా గుడ్డ కప్పాడు. నోటి అచ్చు తీసే ట్రేలు వేడినీళ్ళలో ఉడకబెట్టాడు. "వాడి నోరు నాకు తెలుసే. కుడి దవడ కాస్త ఎత్తు" అన్నాడు, చంటిపిల్లాడి గురించి చెబుతున్నట్టు.

పదైంది. పదకొండైంది. ఎవరో దవడ పట్టుకుని వస్తే "ఇవాళ ఖాళీ లేదండీ" అని ఖాళీ కుర్చీ పక్కన నిలబడి చెప్పి పంపించాడు. సాయంత్రమైంది. పెదనాన్న రాలేదు.

"ఆడుకున్నాడే నాతో" అన్నాడు నాన్న చివరికి. "వస్తాననడమూ వాడే, రాకపోవడమూ వాడే. మళ్ళీ ఎవడికో చెప్పుకుని నవ్వుతూ ఉంటాడు."

ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు కూడా అంతంతమాత్రమే. రెండు రోజులు ఫోను పొడిగా ఉంది. పరిస్థితి ఎంత చేయిదాటిందో నాకు అప్పుడర్థమైంది.

శనివారం మందుల షాపు దగ్గర పెద్దమ్మ కనిపించింది. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"ఏమే, మీ నాన్నకి మనసనేది ఉందా? మీ పెదనాన్న పది రోజులు గదిలో పచార్లు చేసి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆ నాలుగు ముక్కలు రాస్తే, ‘చాలే’ అంటాడా?"

"ఎవరు చాలే అన్నారు పెద్దమ్మా? మేం సరే అన్నాంగా."

"నా కళ్ళతో చూశానే! చా-లే. చాల్లే పో అన్నట్టు. అది చదివి మనిషి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇక ఈ జన్మకి పళ్ళే వద్దంటున్నాడు. నెలరోజులుగా గంజే. ప్యాంటు బెల్టుకి కొత్తగా రెండు బొక్కలు పొడిచాను. ఇంకో నెలైతే బెల్టులో బొక్కలుంటాయి కానీ మనిషుండడు."

పెదనాన్న మా దగ్గర పళ్ళు కట్టించుకునే మనిషి కాదు. ఆయనకి మా చట్టం తెలీదు. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న "చలే" ని లోకమంతా "చాలే" అనే చదువుతుంది, ఆయనా అదే చదివాడు.

"పెద్దమ్మా, అది... ఫోన్లో... నువ్వెళ్ళి చెప్పవా?"

"నేను చెబితే వింటాడా? మరిదికి వకాల్తా తీసుకున్నావా అంటాడు. ఏ ఫోన్లో అన్నారో ఆ ఫోన్లోనే చెప్పుకోండి."

పరుగెత్తుకుంటూ షాపుకొచ్చాను. నాన్న వెనక్కి తిరిగి ఎవరిదో దవడ గీకుతున్నాడు. సున్నపు దవడే లెండి. ఫోను తీశాను. కంగారులో కవరు కూడా తొడుక్కోలేదు. ఆ జిగురులో వేళ్ళు పెట్టి గబగబా కొట్టేశాను. నేను చెప్పదలచుకున్నది ఇది: "పెదనాన్నా, పొరపాటు. చాలే కాదు, సరే. నువ్వు రా."

వెళ్ళింది ఇది: "బెదనాన్నా, బొలబాటు. చలే కాదు, చలే. నువ్వు లా."

పంపాక చదువుకున్నాను. "అలాగే" అని తెలుగులో ఒక మాట ఉందనీ, దానికి ఏడో మీటతో పని లేదనీ నాకు అప్పుడు గుర్తొచ్చింది. అంతకన్నా ఘోరమైన సంగతి ఇంకా కాసేపటికి తట్టింది. ఆ మెసేజిని పైకి చదివి చూడండి. అచ్చం పళ్ళూడిన ముసలాయన మాట్లాడినట్టుంటుంది.

పదిహేను నిమిషాల్లో షాపు తలుపు గోడకి కొట్టుకుంది. గుమ్మంలో పెదనాన్న. చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నాడు. బుగ్గలు లోపలికి పోయి, మూతి చుట్టూ ముడతలు పడి, దారం లాగి బిగించిన సంచీలా ఉంది మొహం. చేతిలో ఫోను ఎత్తిపట్టుకున్నాడు.

"ఎవల్లా నన్ను వెక్కిలించింది? ఆఁ? పళ్ళు లేవని లాగాలు తీచ్తాలా?"

చూడగా పెదనాన్న నోట్లో కూడా, ఒక్క ప తప్ప, ఏడో మీట పోయింది. ఒక్కో మాటతోపాటు రెండు మూడు తుంపరలు. ఒకటి నా చెంప మీద పడింది. తుడుచుకుంటే గొడవ పెద్దదవుతుందని ఓర్చుకున్నాను. అంత ఓర్పు నా జీవితంలో అంతకుముందు లేదు, తర్వాతా లేదు.

నాన్న ఆకురాయి పట్టుకునే లేచాడు. ఒట్టు సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

"రానని ఎగ్గొట్టింది నువ్వు! రోజంతా కుర్చీ తుడుచుకుంటూ కూర్చుంది నేను! మళ్ళీ నామీదకే వస్తావేంటి?"

"చాలే అన్నావుగా లా! చాలే అన్నాక ఎలా లావాలి?"

"చాలే అని ఎవడన్నాడు? సరే అన్నాను!"

"చాలే అనే ఉంది!"

"సరే!"

"చాలే!"

ఇలా సాయంత్రందాకా సాగేదే. నేను మధ్యలో దూరి ఫోను పెదనాన్న చేతిలో పెట్టాను. "పెదనాన్నా, ఏడు నొక్కు. ఒక్కసారి."

అనుమానంగా చూసి నొక్కాడు. మీట లోపలికి దిగింది. కూర్చుంది. చప్ మంటూ పైకొచ్చింది. తెర మీద ఏమీ పడలేదు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ నాలుగుసార్లు. తర్వాత వేలు చూసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఛీ! ఏంటిది, జిగులు?"

"నాన్న ఉమ్ము. మూడేళ్ళది."

"ఛీ ఛీ ఛీ! ఒలేయ్, నీకింకా పోలేదా ఆ నాకుడు? చిన్నప్పుడు నా పుచ్తకాలన్నీ ఇలాగే పాడుచేచావు కదలా!"

తర్వాత నేను నా చట్టం మొత్తం ఒప్పుకున్నాను. బన్ను, చెట్టు, అన్నీ. నాన్న మొహం ఎర్రబడింది. "కోతీ! నీ వీపు..." అంటూ చెయ్యెత్తాడు కానీ, ఎత్తిన చేతిలో ఆకురాయి ఉందని చూసుకుని ఆగాడు. పెదనాన్న తన ఫోన్లో ఆ "చలే" ని మళ్ళీ తీసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అంటే... లమ్మనే అన్నావా?"

నాన్న ఆకురాయి కింద పెట్టాడు. కుర్చీ తిప్పి పెదనాన్న వైపు పెట్టాడు.

అచ్చు తీసే పిండి గులాబీ రంగులో ఉంటుంది. నీళ్ళలో కలిపి, ట్రేలో వేసి, నోట్లో పెట్టి నొక్కిపట్టాలి. మూడు నిమిషాల్లో గట్టిపడుతుంది. ఆ మూడు నిమిషాలూ నోరు మెదపకూడదు. మెదిపితే అచ్చు చెడిపోతుంది. ఇదంతా నాన్నకి నేర్పింది పెదనాన్నే. తను కుర్చీలో కూర్చోవాల్సొస్తుందని మాత్రం ఆయన ఎప్పుడూ అనుకుని ఉండడు.

ట్రే నోట్లోకి వెళ్ళింది. నాకు గిన్నె ఇచ్చి గడ్డం కింద పట్టుకోమన్నారు. నాన్న గోడ గడియారం చూశాడు. అన్న మొహం చూశాడు. తనకి మూడు నిమిషాలు దొరికాయనీ, ఎదుటివాడు నోరెత్తలేడనీ ఆయనకి అప్పుడే తట్టినట్టుంది.

"గుర్రమా?" అన్నాడు. "ఏ గుర్రం? ఎక్కడ చూశావు గుర్రాన్ని? అందులోనూ పరాయివాడి ముందు! ఆ ముసలాడి ముందు! వాడు ఊరంతా చెప్పాడు. ఏడాదిపాటు నన్ను చూసి పిల్లలు సకిలించారు, తెలుసా?"

"ఊఁ! ఊఁఊఁ!" అన్నాడు పెదనాన్న. దాంతోపాటు నోటి రెండు చివర్లనుంచి గులాబీ రంగు సొంగ తీగలు తీగలుగా సాగి గిన్నెలోకి దిగింది. ఒకటి తెగకుండా నా మణికట్టు మీదకి వాలింది. అది వెచ్చగా ఉంది. ఆ విషయం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ట్రే తీశాడు. అచ్చు వంకరపోయింది.

"కదిలావు. మళ్ళీ" అన్నాడు నాన్న, ఏమాత్రం బాధపడకుండా. కొత్త పిండి కలిపాడు.

రెండోసారి గొంతు తగ్గింది. "అది కాదురా అన్నయ్యా. తిట్టావు, సరే. నేను చెప్పులేసుకుని వెళ్ళిపోతుంటే ఆగమని ఒక్క మాట అన్లేదు నువ్వు. మలుపుదాకా మెల్లిగానే నడిచాను."

పెదనాన్న ఈసారి ఊఁ అనలేదు. కానీ గడ్డం వణికింది. కళ్ళనుంచి, ముక్కునుంచి కూడా నీళ్ళు దిగాయి. అవన్నీ ఒకటే గిన్నెలోకి. నేను తల పక్కకి తిప్పుకుని, నాకు తెలిసిన ఎక్కాలన్నీ మనసులో చదువుకున్నాను. అచ్చు మళ్ళీ చెడిపోయింది.

మూడోసారి నాన్న దగ్గర మాటల్లేవు. రెండు వేళ్ళతో ట్రే పట్టుకుని, రెండో చేతిని పెదనాన్న తల వెనక ఆనించి నిలబడ్డాడు. ఇద్దరూ కదల్లేదు. మూడు నిమిషాలు గడిచి నాలుగో నిమిషం కూడా పోయింది. గడియారం ఎవరూ చూడలేదు. నేను దగ్గాను. అప్పుడు తీశాడు. కుడి దవడ ఎత్తుతో సహా గీత గీత పడింది.

"కడిగి తీసుకురా" అని నా చేతిలో పెట్టాడు.

వెనక గదిలో కుళాయి కింద పట్టాను. పైన పేరుకున్న జిగురు వదలదు, నీళ్ళతోపాటు సాగుతుంది. ఊపిరి బిగపట్టి, వేలితో రాస్తూ, కక్కు రాకుండా ఆపుకుంటూ కడుగుతుంటే ముందు గదిలోంచి మాటలు వినిపించాయి.

"ఎన్నిచాల్లు లావాలి?" అని పెదనాన్న అడుగుతున్నాడు.

"ఆరేడుసార్లు రావాలి" అన్నాడు నాన్న.

పళ్ళ సెట్టుకి మూడుసార్లొస్తే ఎక్కువ. ఆ లెక్క పెదనాన్నకి తెలియంది కాదు.

"పొద్దున్నా, చాయంత్లమా?" అన్నాడు పెదనాన్న.